కీబోర్డు మీ చేతిలో ఉన్నంతకాలం వాళ్లకు రాదు

రేషన్ షాపు ముందు గంటసేపు నిలబడ్డవాళ్లకు, మీసేవలో సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్లకు ‘సర్వర్ డౌన్’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడో, ఎవరి చేతిలోనో ఉన్నదేదో ఆగిపోయింది. మనం చేయగలిగింది ఏమీ లేదు. రేపు రండి. అంతే. ఇప్పుడు మీ సంఘం సంగతి చూడండి. సభ్యుల జాబితా, సమాచార హక్కు దరఖాస్తుల నకళ్లు, ఊళ్లలో చేసిన సర్వే ఫారాలు, వెబ్‌సైటు అన్నీ ఒక చిన్న సర్వర్ మీదున్నాయి. అది ఆగిన రోజు సంఘంలో మిగతా అందరూ ఆ క్యూలో నిలబడ్డవాళ్లే. కౌంటర్ లోపల కూర్చున్నది మీరొక్కరే.

మీకు లైనక్స్ వచ్చు. పగలు ఉద్యోగం, రాత్రిళ్లూ ఆదివారాలూ సంఘం పని. బంధువుల పెళ్లిలో భోజనానికి కూర్చున్నా ఫోన్ వస్తుంది: “అన్నా, సైట్ ఓపెన్ కావట్లేదు.” ఎడమచేత్తో ఫోన్ తీసి లాగిన్ అయి, రెండు కమాండ్లు కొట్టి “ఇప్పుడు చూడు” అంటారు. అవతల అందరూ మెచ్చుకుంటారు. నిజం చెప్పండి, ఆ మెప్పు బాగానే ఉంటుంది కదా? చిక్కంతా అక్కడే. మీరు ఎంత బాగా ఆదుకుంటే సంఘం అంతగా మీకు కట్టుబడిపోతుంది. రేపు మీరు ఉద్యోగం మీద డాలస్ వెళ్లిపోతే? జ్వరంతో పడుకుంటే? ఊరికే విసుగొస్తే?

కార్యకర్తల్లోంచి ఇద్దరు ముగ్గురిని సర్వర్ చూసుకోగలిగేలా తయారుచేయడం ఎలా అన్నదే ఈ అధ్యాయం. ఇంతకుముందు ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. 1999లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వ్యతిరేకంగా సియాటిల్‌లో జరిగిన నిరసనల కాలంలో మొదలైన రైజప్ బృందం ఉద్యమాలకు ఈమెయిలూ మెయిలింగ్ లిస్టులూ నడిపింది. అమెరికా, మెక్సికోల్లోని సంఘాలు సభ్యులుగా ఉన్న మే ఫస్ట్ సంస్థ, శ్వేతజాతికి చెందని కార్యకర్తలకు సర్వర్ పని నేర్పే శిక్షణ కూడా నడిపింది. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ, కాలేజీల్లో గ్లగ్‌ల (గ్నూ/లైనక్స్ వాడుకరుల బృందాల) ద్వారా ఎందరో విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు తీసుకొచ్చింది. మీరూ అలాంటి ఒక గ్లగ్ నుంచి వచ్చినవారేనేమో.

“అయితే రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టేద్దామా?” అని మీరు అడగబోతున్నారని తెలుసు. దయచేసి వద్దు. మొదటి రోజు లైనక్స్ చరిత్ర, రెండో రోజు నలభై కమాండ్లు, సాయంత్రం గ్రూప్ ఫొటో. సోమవారానికి ఒక్క కమాండూ గుర్తుండదు. పైగా ‘ఇది మనవల్ల కాదు’ అన్న నమ్మకం మాత్రం గట్టిపడుతుంది. వారానికి ఒకటిన్నర గంట, నాలుగైదు నెలలు. ఈ పని అలాగే అవుతుంది.

ఎవరికి నేర్పాలి?

సంఘంలో ‘కంప్యూటర్ వచ్చినవాడు’ అని పేరున్న కుర్రాడి మీదికే అందరి చూపూ పోతుంది. నన్నడిగితే, మీటింగ్ మినిట్స్ తప్పకుండా రాసే మనిషిని ముందు పట్టుకోండి. చందా రసీదులు వరసతప్పకుండా దాచే అక్క, హాజరు పుస్తకం చూసుకునే మాస్టారు. సర్వర్ పనిలో ముప్పాతిక వంతు ఓపిక, రాసుకోవడం, చెప్పిన రోజున చెప్పిన పని చేయడం. కమాండ్లు ఎవరికైనా వస్తాయి. ఆ అలవాటు అందరికీ రాదు.

ఒక్కరికే ఎప్పుడూ నేర్పకండి. కనీసం ఇద్దరు. లేకపోతే మీ స్థానంలో ఇంకొక ఒంటరిని కూర్చోబెట్టినట్టే అవుతుంది. ఒంటరితనం ఎంత ప్రమాదమో చెప్పడానికి 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం చాలు. ప్రపంచంలో లెక్కలేనన్ని లైనక్స్ యంత్రాల్లో ఉండే ఒక చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఒకే వ్యక్తి, జీతం లేకుండా, అలసిపోతూ చూసుకున్నాడు. ‘జియా టాన్’ అనే పేరుతో ఎవరో సాయం చేస్తామని వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి పనే చేసి నమ్మకం సంపాదించారు. మరికొన్ని పేర్లతో వచ్చిన మెయిళ్లు ఆ అలసిన మనిషి మీద ఒత్తిడి పెట్టాయి. చివరికి తాళాలు అందాక ఆ కొత్త మనిషి దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వడం వల్ల అది దొరికిపోయింది. మీ సంఘం మీద ఎవరూ అంత పన్నాగం పన్నకపోవచ్చు. కానీ అలసిపోయిన ఒకే ఒక్క మనిషి ఏ వ్యవస్థకైనా బలహీనమైన చోటే.

వాళ్లకు వీలయ్యే వేళ ఏదో కూడా అడగండి. రాత్రి ఎనిమిదిన్నరకు క్లాసు పెట్టి ‘ఆడవాళ్లు రావట్లేదు’ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ వేళకు వంటింట్లో ఎవరుంటారో తెలియదా? ల్యాప్‌టాప్ లేదంటే అడ్డంకి అనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ వేసుకుంటే అక్కణ్నుంచే సర్వర్‌లోకి వెళ్లొచ్చు. చిన్న తెర మీద కష్టమే, కానీ మొదటి నెలకు చాలు. యాభై ఏళ్ల కార్యకర్తకు పాతికేళ్ల మీరు నేర్పుతున్నప్పుడు ఇంకో సంగతి. నలుగురిలో తప్పు దిద్దకండి. ఇరవై ఏళ్లు ఊళ్లు తిరిగి పనిచేసిన మనిషి, మీ ఎదుట ఒక స్పేస్ కొట్టడం మరిచిపోయి చిన్నబోతే మళ్లీ క్లాసుకు రారు.

ఇక పనిలోకి.

1. పాఠంతో కాదు, వాళ్ల అవసరంతో మొదలుపెట్టండి

“ఆపరేటింగ్ సిస్టమ్ అనగా...” అని మొదలుపెట్టారంటే మీ శ్రోతలు కిటికీలోంచి బయటికి చూస్తారు. వాళ్లకు ఏ పని ఆగుతోందో అడగండి. సర్వే ఫొటోలు వాట్సాప్‌లో పంపితే మసకబారుతున్నాయా? అయితే నెక్స్ట్‌క్లౌడ్. నెలవారీ సమావేశానికి దూరపు జిల్లాలవాళ్లు రాలేకపోతున్నారా? అయితే జిట్సి. ఉన్న వెబ్‌సైటులో గత ఏడాది కార్యక్రమాలే ఇంకా కనబడుతున్నాయా? అయితే ఆ వర్డ్‌ప్రెస్‌తోనే మొదలుపెట్టండి.

సొంత సర్వర్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. ‘ఫ్రీగా వస్తున్న గూగుల్ ఫారం ఉండగా ఇదంతా దేనికి?’ దానికి సిద్ధాంతం చెప్పకండి. వేధింపుల మీద మీ దగ్గరికొచ్చిన ఒక మహిళ ఫిర్యాదు కాగితం ఎక్కడుందో, దాన్ని ఎంతమంది తెరవగలరో అడగండి. వాళ్లే చూసుకుంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది.

సొంత ఈమెయిల్ సర్వర్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ సరిగ్గా పెట్టినా, మీరు పంపిన మెయిలు అవతలివాళ్ల స్పామ్ డబ్బాలో పడొచ్చు. మంచి అనుభవం ఉన్నవాళ్లకే అది తలనొప్పి. కొత్తవాళ్లను దాంట్లో దించి వాళ్ల ఉత్సాహం చంపకండి. అలాగే మూడొందల మంది సభ్యులున్న సంఘానికి కుబర్నెటీస్ దేనికి? మీ రెజ్యూమెకు పనికొస్తుందని పెట్టిన ప్రతి పరికరాన్నీ రేపు ఆ అక్కే మోయాలి. ఒక డెబియన్ యంత్రం, దానిమీద ఎన్‌జిన్‌ఎక్స్, ఒక డేటాబేసు. డెబియన్ కొత్త వెర్షన్ సుమారు రెండేళ్లకొకసారి వస్తుంది. దీర్ఘకాల మద్దతు కలిపితే ఒక్కోదానికి ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. సంఘాల నడకకు ఆ వేగం సరిపోతుంది.

2. పాడుచేయడానికే ఒక సర్వర్ ఇవ్వండి

భయం పోనిదే చదువు ఎక్కదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూడగానే ‘ఏదైనా నొక్కితే అంతా పోతుందేమో’ అని వేళ్లు బిగుసుకుంటాయి. ఆఫీసు మూల పడున్న పాత ల్యాప్‌టాప్ మీద డెబియన్ వేయండి. అదీ లేకపోతే మీ కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసి, స్నాప్‌షాట్ తీసిపెట్టుకోండి. ఎంత పాడైనా రెండు నిమిషాల్లో మొదటి స్థితికి వస్తుంది. తర్వాత చెప్పండి: “ఇది మీది. దీన్ని పాడుచేయడమే ఈ వారం మీ పని.”

మొదట నవ్వుతారు. తర్వాత నిజంగానే పాడుచేస్తారు. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. ఇవిగో నేను తరచూ ఇచ్చే చెడగొట్టుడు పనులు:

డిస్కు నింపేయడం. ఒక పెద్ద ఉత్తుత్తి ఫైలు సృష్టించి చోటంతా తినిపించండి. సైటు వింతగా ప్రవర్తిస్తుంది. డేటాబేసు రాయలేక మొరాయిస్తుంది. కారణం ఏమిటో వాళ్లు వెతకాలి. డీఎఫ్ కొడితే ఏ డిస్కు నిండిందో తెలుస్తుంది. డీయూ కొడితే ఏ డైరెక్టరీ లావెక్కిందో తెలుస్తుంది. చిన్న సంఘాల సర్వర్లు ఆగిపోయేది ఎక్కువగా హ్యాకర్ల వల్ల కాదు, లాగ్ ఫైళ్లు పెరిగిపోయి.

సెమికోలన్ తీసేయడం. ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లో ఒక్క సెమికోలన్ చెరిపి, రీస్టార్ట్ చేయమనండి. లేవదు. తర్వాత అదే ఫైలును ‘-టీ’ అనే ఆప్షన్‌తో పరీక్షించడం చూపించండి. తప్పున్న ఫైలు పేరూ, లైను నంబరూ అదే చెబుతుంది. మార్పు చేశాక ముందు పరీక్ష, తర్వాతే రీస్టార్ట్. ఈ వరస చేతికి అలవాటు కావాలి.

తమను తామే బయట పెట్టుకోవడం. ఇది నాకు ఇష్టమైనది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌కు ఎస్‌ఎస్‌హెచ్‌ను అనుమతించమని చెప్పకుండానే దాన్ని ఆన్ చేయమనండి. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ నడుస్తూ ఉండొచ్చు గనక ‘ఏమీ కాలేదే’ అనుకుంటారు. “ఒకసారి బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి” అనండి. తలుపు తెరుచుకోదు. అద్దె సర్వర్లకు ప్రొవైడర్ వెబ్‌సైటులో కన్సోల్ ఉంటుందని, అక్కణ్నుంచి లోపలికి వెళ్లి నియమం సరిచేయొచ్చని అప్పుడు చూపిస్తే జన్మలో మరిచిపోరు. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చేటప్పుడు రెండో సెషన్ ఒకటి తెరిచి ఉంచుకోవాలని కూడా ఆ రోజే చెప్పేయండి.

అసలు సర్వర్‌కూ ఆటల సర్వర్‌కూ తేడా కంటికి కనబడాలి. అసలుదాని ప్రాంప్ట్ ఎర్ర రంగులో పెట్టండి. ఎందుకో ఐదో సూచనలో తెలుస్తుంది.

3. చేతులు కట్టుకుని కూర్చోండి

మెంటర్లు చేసే పెద్ద తప్పు ఒకటే. “ఇటివ్వండి, ఒక్క నిమిషం” అని కీబోర్డు లాక్కోవడం. మీకు పది సెకన్లు పట్టే పని వాళ్లకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలే శిక్షణ. పక్కపక్కన లేకపోతే టీమక్స్‌లో ఒకే సెషన్‌ను ఇద్దరూ తెరవండి. వాళ్లు కొట్టేది మీకూ కనబడుతుంది. మీరు మాత్రం టైపు చేయకండి. ఎలా మాట్లాడాలంటారా? ఇలా:

“తమ్ముడూ, ఏదో ఎర్రర్ వచ్చింది.”

“చదవండక్కా.”

“అంతా ఇంగ్లీషులో ఉందయ్యా.”

“ఉండనివ్వండి. చివరి లైను ఒక్కటే చదవండి.”

“నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్.”

“అంటే ఏమంటోంది?”

కాసేపు మౌనం. మీకు చెప్పేయాలనిపిస్తుంది. నాలుక పట్టుకోండి.

“చోటు లేదంటోంది... డిస్కు నిండిందా?”

“ఎలా తెలుసుకుందాం?”

“ఉండు, పోయిన వారం రాసుకున్నా.”

ఆ నోటుపుస్తకం తిరగేసే చప్పుడు వినబడిందంటే మీ పని సగం అయినట్టే.

ఇంగ్లీషు రాదన్న బెంగను తేలిగ్గా తీసుకోకండి. ‘లాగ్స్ అన్నీ ఇంగ్లీషే, నేర్చుకోవాలి మరి’ అని తోసిపుచ్చకండి కూడా. మొదట్లో ఎదురయ్యే ఎర్రర్లలో చాలా భాగం అరడజను వాక్యాలే. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటే పేరు తప్పు కొట్టారు, లేదా ఆ సాఫ్ట్‌వేర్ వేయలేదు. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటే దారి తప్పు. ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఫైలు ఉంది, మీకు అనుమతి లేదు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే యంత్రం బతికే ఉంది, ఆ పోర్టులో జవాబిచ్చేవాళ్లు లేరు. సర్వీసు ఆగిందేమో చూడాలి. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫైర్‌వాల్ మింగేసిందో, యంత్రమే పడిపోయిందో, దారిలో నెట్‌వర్క్ తెగిందో చూడాలి. ఈ చివరి రెంటికీ తేడా తెలిసిన కార్యకర్త ఫోన్ చేసి “సైట్ పోయింది” అనరు. “పింగ్ వస్తోంది, పోర్టు మాత్రం రిఫ్యూజ్డ్ అంటోంది” అంటారు. మీకు ఎంత సమయం మిగులుతుందో ఆలోచించండి. ఈ వాక్యాలనూ వాటి అర్థాలనూ తెలుగులో ఒక చార్టు రాసి గోడకు అంటించండి. రాసేది వాళ్లే అయితే మరీ మంచిది.

4. అధికారం మెట్టుమెట్టుగా ఇవ్వండి

రూట్ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘అందరూ సేవ్ చేసుకోండి’ అన్న సంఘాలున్నాయి. నవ్వకండి, మీ సంఘం గ్రూపులో ఒకసారి వెతికి చూడండి.

ప్రతి ఒక్కరికీ సొంత ఖాతా, సొంత ఎస్‌ఎస్‌హెచ్ కీ. కీ జతను వాళ్ల యంత్రంలోనే వాళ్లే తయారుచేసుకోవాలి. పబ్లిక్ కీ మాత్రమే మీకు పంపాలి. ప్రైవేట్ కీని ఎవరికీ, మీకు కూడా, ఎప్పటికీ పంపకూడదు. తొందరలో రెండోది పంపేవాళ్లు తప్పకుండా ఉంటారు. కోప్పడకుండా ఆ జతను చెరిపించి కొత్తది చేయించండి.

మొదటి నెల చూసే హక్కు చాలు. డెబియన్‌లో ఏడీఎమ్ అనే గ్రూపులో చేర్చితే లాగ్‌లు చదవొచ్చు, దేన్నీ మార్చలేరు. రెండో మెట్టులో సుడో ద్వారా ఒకటి రెండు సర్వీసులను రీస్టార్ట్ చేసే అనుమతి. తర్వాత భద్రతా అప్‌డేట్లు. బ్యాకప్‌ను తిరిగి నిలబెట్టడం ఒకసారి చేసి చూపించాకే పూర్తి సుడో. ఈ మెట్లు మొదటి రోజే చెప్పేయండి. లేకపోతే ‘మమ్మల్ని నమ్మట్లేదు’ అనుకుంటారు. ఉద్యమాల్లో ఆ మాట చాలా దూరం పోతుంది. సుడోతో చేసిన ప్రతి పనీ ఎవరు చేశారో లాగ్‌లో నమోదవుతుందని, మీరు చేసినవి కూడా అందులో ఉంటాయని తెరిచి చూపించండి.

సంఘం వదిలి వెళ్లినవారి కీ ఆ వారమే తీసేయాలి. గొడవపడి వెళ్లినా, కన్నీళ్లతో సాగనంపినా ఒకటే నియమం.

5. బ్యాకప్ తీయడం కాదు, తిరిగి నిలబెట్టడం నేర్పండి

“మాకు బ్యాకప్ ఉంది” అనే మాటకు విలువ లేదు. “పోయిన నెల బ్యాకప్ నుంచి సైటును లేపి చూశాం” అన్న మాటకే విలువ. ఈ తేడా ఎందుకో చెప్పడానికి గిట్‌ల్యాబ్ కథ చాలు. 2017 జనవరి 31న ఆ సంస్థ ఇంజినీరు ఒకరు రెండో డేటాబేసు సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్ మీద డైరెక్టరీ చెరిపే కమాండు కొట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే ఆపారు. అప్పటికే సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మాత్రం మిగిలింది. బ్యాకప్‌కూ రెప్లికేషన్‌కూ వాళ్లకు ఐదు ఏర్పాట్లు ఉన్నాయి. అవసరపడ్డ రోజున ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచేయలేదు. రోజువారీ డేటాబేసు బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పుడో ఆగిపోయింది. ఆగిందని చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురవుతున్నాయి, ఎవరికీ తెలియదు. వేరే పని కోసం అదే రోజు సాయంత్రం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దక్కడంతో బయటపడ్డారు. అయినా దాదాపు ఆరు గంటల డేటా పోయింది.

ఆ కథలో నాకు నచ్చేది తర్వాతి భాగం. ఆ మనిషిని బలిపెట్టలేదు. కోలుకునే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి ప్రచురించారు. చేయాల్సిన మార్పుల జాబితాలో ఏ సర్వర్ మీద ఉన్నామో ప్రాంప్ట్‌లోనే స్పష్టంగా కనబడేలా చేయాలన్నదీ ఉంది. ఎర్ర ప్రాంప్ట్ సంగతి ఇదే.

మీ శిష్యులతో ఏం చేయించాలి? బోర్గ్ లేదా రెస్టిక్‌తో రోజూ బ్యాకప్, ఒక నకలు వేరే చోట. నెలలో ఒక ఆదివారం ఆటల సర్వర్ మీద దాన్ని నిలబెట్టడం. గడియారం చూసుకుని ఎంతసేపు పట్టిందో రాసుకోవడం. మొదటిసారి సగం పూటైనా పడుతుంది. డేటాబేసు వస్తుంది, అప్‌లోడ్ చేసిన ఫొటోలు రావు. లేదా అన్నీ వస్తాయి, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉందని తేలుతుంది. అప్పుడే తేలడం అదృష్టం.

6. పుస్తకం వాళ్లే రాయాలి

సర్వర్ గురించిన వివరాల పుస్తకం మీరు రాస్తే అందంగా ఉంటుంది, ఎవరూ చదవరు. వాళ్లు రాస్తే తప్పులుంటాయి, పనికొస్తుంది. తెలుగులో రాయమనండి. ‘సైటు తెరుచుకోకపోతే ముందు ఇది చూడు, తర్వాత ఇది’ అన్న పద్ధతిలో. ఇద్దరిలో ఒకరు రాసింది చూసి రెండోవారు ఆ పని చేయగలిగితే ఆ పేజీ పాసైనట్టు.

కమాండ్ల కంటే ముఖ్యమైన పేజీ ఇంకొకటుంది. డొమైన్ ఎవరి పేరున ఉంది? ఎవరి ఈమెయిల్ మీద? ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుంది? రెన్యువల్ ఏ తేదీన, ఎవరి కార్డు మీద? సంఘాల వెబ్‌సైట్లు పోయేది చాలాసార్లు ఇక్కడే. ఆరేళ్ల కింద ఉత్సాహంగా డొమైన్ కొన్న కుర్రాడు ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటాడు. ఇక్కడి సిమ్ రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటుంది. ఓటీపీ ఎవరికీ రాదు. అతను మంచివాడే, ఫోన్ ఎత్తుతాడు, “అయ్యో” అంటాడు. అంతకంటే ఏం చేయగలడు? డొమైన్‌ను సంఘం పేరు మీదికి, సంఘం ఈమెయిల్‌కు, ఇద్దరికి అందుబాటులో ఉండే నంబరుకు మార్చడమే మీ బృందం చేసే మొదటి నిజమైన పని కావాలి. పాస్‌వర్డ్‌లు కీపాస్‌ఎక్స్‌సీ ఫైలులో పెట్టండి, దాని నకలూ తాళపు మాటా కార్యవర్గంలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.

7. క్యాలెండర్ గోడకు కట్టండి

లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లకు మొదటి నుంచీ ఉన్న గడువు 90 రోజులు. ఆ గడువును ఇంకా తగ్గించే దిశగా ఆ రంగం వెళుతోంది. సర్ట్‌బాట్ దానంతటదే పొడిగిస్తుంది గనక మనం మరిచిపోతాం. అది ఎప్పుడో ఆగిపోతే? గడువు ముగుస్తోందని గుర్తుచేసే మెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది. కాబట్టి నెలకోసారి మనిషి కళ్లతో చూడాలి. సర్టిఫికెట్ గడువు, డిస్కులో చోటు, అప్‌డేట్లు, బ్యాకప్ పరిమాణం. నాలుగూ కలిపి ఇరవై నిమిషాల పని. కార్యవర్గ సమావేశం రోజునే పెట్టుకుంటే తప్పిపోదు.

8. ఫోన్ మీదాకా రావడానికి ముందు మెట్లు పెట్టండి

ఈ వారం డ్యూటీ ఎవరిదో పేరు రాసి ఉండాలి. సభ్యుల ఫోన్లు ముందు వాళ్లకు వెళ్లాలి. వాళ్లకు ఒక నియమం: పావుగంట సొంతంగా వెతకాలి, ఏమేం చూశారో రాయాలి, తర్వాత రెండోవారిని పిలవాలి, ఆ తర్వాతే మిమ్మల్ని. పావుగంట అని ఎందుకంటున్నానంటే, అంతకంటే తక్కువైతే వెతకరు. మరీ ఎక్కువైతే కంగారులో ఏదో ఒకటి చెరిపేస్తారు. సభ్యులు అలవాటు కొద్దీ మీకే నేరుగా ఫోన్ చేస్తారు. “ఈ వారం అక్క చూస్తోంది, ఆమెకు చెప్పండి” అని ప్రతిసారీ అనగలరా? మీ అహం దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే, చూసుకోండి. పని పూర్తయ్యాక గ్రూపులో ఆమె పేరుతో కబురు పెట్టించండి: ‘సైటు పదింపావుకు ఆగింది, డిస్కు నిండింది, పాత లాగ్‌లు తీశాం, పదీ నలభైకి లేచింది.’

9. వారంపాటు మాయమైపోండి

నాలుగైదు నెలలయ్యాక, ముందే చెప్పి, ఒక వారం సర్వర్ వైపు చూడకండి. ఎన్నికల ముందో, పెద్ద సభ ముందో వద్దు. మామూలు వారం చాలు. అంతా సాఫీగా జరిగిపోతే ఆ పరీక్షకు అర్థం లేదని కొందరు మెంటర్లు తామే ఏదో చెడగొట్టి వెళతారు. అసలు సర్వర్ మీద ఆ తెలివి ప్రదర్శించకండి. సభ్యుల పని దాని మీద నడుస్తోంది.

తిరిగొచ్చాక లాగిన్ అయ్యే ముందు వాళ్ల పుస్తకం చదవండి. రీలోడ్‌తో సరిపోయేదానికి మొత్తం యంత్రాన్నే రీబూట్ చేసి ఉంటారు. కాన్ఫిగరేషన్ ఫైలుకు నకలు తీసి ‘పాతది రెండు’, ‘పాతది అసలు’ అని పేర్లు పెట్టి ఉంటారు. ఆ రాత్రే కూర్చుని మీ పద్ధతికి మార్చేయాలని చేతులు దురదపెడతాయి. ఆగండి. సైటు నడుస్తోంది కదా? ఆ ఫైళ్లను అలాగే ఉంచి, మార్పుల చరిత్ర దాచే ఎట్‌సీకీపర్‌ను వచ్చే వారం క్లాసులో పెట్టుకోండి. ఆ నకళ్లతో తికమకపడ్డవాళ్లకు అది ఎందుకో మీరు వివరించాల్సిన పని ఉండదు. ఇన్‌స్టాల్ చేసేది కూడా వాళ్లే.